పసిఫిక్ దీవులకు వెళ్లే ముందు ఏ పుస్తకాలు చదవాలి? ఎంచుకునే పద్ధతి ఇదీ

"ఫిజీకి టికెట్లు తీసుకున్నాం, వెళ్లేలోపు చదవడానికి ఒక మంచి పుస్తకం చెప్పండి." ఆక్లాండ్, సిడ్నీల్లో ఉండే తెలుగువాళ్లు తరచూ అడిగే మాట ఇది. అక్కణ్నుంచి మూడు నాలుగు గంటల విమానమే కాబట్టి స్కూలు సెలవులు రాగానే ఫిజీ గుర్తుకొస్తుంది. హైదరాబాద్, విశాఖ నుంచి బయల్దేరేవాళ్లూ ఇదే అడుగుతారు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. ఆ పేరు సమోవా వెళ్లేవాళ్లకు అక్కరకు రాదు, తాహితి వెళ్లేవాళ్లకు అసలే రాదు. అందుకే ముందు ఎంచుకునే పద్ధతి చెబుతాను, తర్వాత ఫిజీని ఉదాహరణగా తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. పసిఫిక్ మీద పుస్తకాల షాపులో ముందు వరసలో కనిపించేవి చాలావరకు బయటివాళ్లు రాసినవి. ఓడ కెప్టెన్లు, మిషనరీలు, పరిశోధకులు, సెలవు మీద వచ్చిన రచయితలు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు రాసినవి వెతికితే తప్ప చేతికి రావు. మన పని ఆ వెతుకులాటే.

ఏమేం కావాలి

- ఆరు నుంచి ఎనిమిది వారాల టైము. అంత లేకపోతే దారి వేరే ఉంది, చివర్లో చెబుతాను.
- మూడు పుస్తకాలు. పది పేర్లు రాసుకుని ఒక్కటీ పూర్తిచేయకుండా విమానం ఎక్కేవాళ్లే ఎక్కువ.
- కాగితం మీద పెద్ద మ్యాపు. ఫోనులో పసిఫిక్ తెరిస్తే నీలం తప్ప ఏమీ కనబడదు. దీవి కనబడేంత దగ్గరికి వెళ్తే పక్క దీవి మాయమవుతుంది.
- ఇంగ్లిషు చదివే ఓపిక. ఈ ప్రాంతం మీద తెలుగులో పుస్తకాలు చాలా తక్కువ. హిందీ చదవగలిగితే ఫిజీ వరకు ఒక మంచి పుస్తకం ఉంది.
- పేర్లు, తేదీలు రాసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్కు.

1. ముందు దీవి తేల్చుకోండి

"పసిఫిక్ గురించి పుస్తకం" అని వెతకొద్దు. ఒక్క పాపువా న్యూగినీలోనే 800కు పైగా భాషలున్నాయి. అక్కడి ఒక ఊరి మీద రాసిన పుస్తకం పక్క లోయకు కూడా వర్తించకపోవచ్చు.

మెలనీషియా, పాలినీషియా, మైక్రోనీషియా అనే మూడు పేర్లు మీకు ప్రతి పుస్తకంలోనూ ఎదురవుతాయి. పసిఫిక్ దీవులను మూడు ప్రాంతాలుగా విడదీస్తూ 1830లలో డ్యూమాంట్ డర్విల్ అనే ఫ్రెంచి నావికుడు గీసిన గీతలు ఇవి. మ్యాపు అర్థం చేసుకోవడానికి సరిపోతాయి, పుస్తకం వెతకడానికి సరిపోవు. దానికి అడగాల్సింది వేరే: ఈ దీవిని ఎవరు పాలించారు?

ఎందుకంటే పుస్తకాల భాష, అవి అచ్చయ్యే చోటు దాన్నిబట్టే ఉంటాయి. తాహితి, న్యూ కాలెడోనియా ఇప్పటికీ ఫ్రాన్స్ కిందే ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ల రచనలు చాలావరకు ఫ్రెంచిలో వస్తాయి, మీరు ఇంగ్లిషు అనువాదాలు వెతకాలి. సమోవాను మొదట జర్మనీ, తర్వాత న్యూజిలాండ్ పాలించాయి. 1962లో స్వతంత్రం వచ్చింది. అక్కడి రచయితలను న్యూజిలాండ్ ప్రచురణకర్తల దగ్గర వెతకండి. వనువాటును 1980 దాకా బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి పాలించాయి (రెండు పోలీసు దళాలు, రెండు జైళ్లు, చదువుతుంటే నవ్వొస్తుంది). హవాయి కోసం అమెరికా యూనివర్సిటీ ప్రెస్సుల వైపు వెళ్లాలి.

2. మూడు ఖాళీలు గీసుకోండి

నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి.

మొదటి గడిలో ఆ దీవి మనిషి రాసిన కథలో నవలో. రెండో గడిలో చరిత్ర, అదీ గత నలభై యాభై ఏళ్లలో రాసింది. మూడో గడిలో ఏదైనా సరే: బయటివాళ్ల యాత్రాకథనం, పాత డైరీ, తాజా గైడుబుక్కు.

చదవాల్సింది కూడా ఇదే వరసలో. కథ చదివితే మనుషులు ఎలా మాట్లాడుకుంటారో, ఎవరికి ఎవరి మీద కోపముందో తెలుస్తుంది. అది తెలిశాక చరిత్ర బుర్రకెక్కుతుంది. బయటివాళ్ల పుస్తకం ముందు చదివితే మాత్రం ఆ కళ్లద్దాలు ఊడిరావడం కష్టం. చాలామంది మూడో గడిలోదే ముందు చదివి, మిగతా రెండూ వదిలేస్తారు.

3. ప్రతి పుస్తకాన్నీ వడపోయండి

కొనే ముందు అట్ట వెనక వైపు, లోపలి మొదటి పేజీలు చూసి ఈ ప్రశ్నలు వేసుకోండి.

రాసినవాళ్లు ఎవరు, అక్కడ ఎంతకాలం ఉన్నారు? బయటివాళ్లు రాసినవన్నీ చెత్త అని నేననను. ట్రెజర్ ఐలండ్ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ చివరి ఏళ్లు సమోవాలో ఇల్లు కట్టుకుని ఉన్నాడు, 1894లో అక్కడే పోయాడు. జర్మనీ, బ్రిటన్, అమెరికా ఆ దీవుల కోసం ఎలా కొట్టుకున్నాయో 1892లో ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ పేరుతో రాశాడు. వైలిమాలోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. సమోవా వెళ్తుంటే ఇది చదివి ఆ ఇంటికి వెళ్లండి. అదే, రెండు వారాలు తిరిగి జోకులు పేర్చిన పుస్తకమైతే పక్కన పెట్టండి. అట్ట మీద "నరమాంస భక్షకులు" అన్న మాట కనబడితే అది నవ్వించడానికా, అమ్ముకోవడానికా అని ఒకసారి ఆలోచించండి.

ఎప్పుడు రాశారు? అచ్చు తేదీని నమ్మొద్దు, పాత పుస్తకాలను కొత్త అట్టతో మళ్లీ వేస్తుంటారు. దేశం పేరు చూడండి. గిల్బర్ట్ దీవులు అని ఉంటే 1979కి ముందుది, ఇప్పుడది కిరిబాటి. ఎల్లిస్ దీవులు అని ఉంటే 1978కి ముందుది, ఇప్పుడు తువాలు. న్యూ హెబ్రిడీస్ 1980లో వనువాటు అయింది. వెస్టర్న్ సమోవా 1997లో సమోవా అయింది. నిమిషంలో అయిపోయే పరీక్ష ఇది. ఎక్కువ పుస్తకాలు ఇక్కడే దొరికిపోతాయి.

పుస్తకంలో దీవి మనుషులు మాట్లాడతారా? మధ్యలో ఏదో ఒక పేజీ తెరవండి. స్థానికులు పేర్లతో ఉన్నారా, లేక "ఒక ముసలాయన", "నవ్వుతున్న అమ్మాయి" అంతేనా? జేమ్స్ మిషెనర్ టేల్స్ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ 1948లో పులిట్జర్ గెలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ పనిచేసిన అమెరికన్ల గురించి తెలుసుకోవాలంటే మంచిదే. దీవులవాళ్లు మాత్రం అందులో చాలావరకు వెనక తెర మీది బొమ్మలు.

దీన్ని ఎవరైనా కాదన్నారా? ఇది అడగకపోతే పాత సిద్ధాంతాలు తలకెక్కుతాయి. మూడు మాత్రం తప్పక గుర్తుంచుకోండి.

కోన్-టికీ. 1947లో నార్వే సాహసికుడు థోర్ హేయర్డాల్ పెరూ నుంచి ఆ పేరున్న తెప్ప మీద 101 రోజులు ప్రయాణించి తువామోతు దీవులు చేరాడు. సాహసం నిజం, పుస్తకం చదివిస్తుంది. పాలినీషియన్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్న వాదన మాత్రం నిలబడలేదు. భాషలు, తవ్వకాలు, డీఎన్‌ఏ అన్నీ పడమటి వైపు, అంటే ఆసియా వైపే చూపిస్తున్నాయి. (చిలగడదుంప మాత్రం దక్షిణ అమెరికాదే, అదొక సరదా కథ.) దీనికి విరుగుడు 1976లో హోకులేయా అనే జంట పడవ హవాయి నుంచి తాహితి వెళ్లిన సంగతి. సతవాల్ దీవికి చెందిన మౌ పియాయ్‌లుగ్ పరికరాలేవీ లేకుండా నక్షత్రాలు, అలలు చూసి దాన్ని నడిపాడు. క్రిస్టినా థాంప్సన్ సీ పీపుల్ (2019) ఈ గొడవంతా ఒక్కచోట చెబుతుంది.

అమెరికా మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ సమోవా పుస్తకం, 1928. అక్కడి అమ్మాయిలు పెద్ద ఒత్తిడి లేకుండా స్వేచ్ఛగా ఎదుగుతారని రాసింది. 1983లో డెరెక్ ఫ్రీమన్ దాన్ని తప్పుపట్టాడు, తర్వాత ఫ్రీమన్‌నూ తప్పుపట్టారు. ఈ తగాదాలో దిగే ఓపిక లేకపోతే రెండూ వదిలేసి, సమోవా అమ్మాయి బాల్యం గురించి సమోవా రచయిత్రే రాసిన నవల చదవండి. సియా ఫిగియెల్ వేర్ వి వన్స్ బిలాంగ్డ్, 1996.

ఈస్టర్ దీవి. చెట్లన్నీ కొట్టేసుకుని తమను తామే నాశనం చేసుకున్నారన్న కథను జారెడ్ డైమండ్ 2005లో కొలాప్స్ పుస్తకంతో ప్రపంచమంతా చదివేలా చేశాడు. టెర్రీ హంట్, కార్ల్ లిపో 2011లో ద స్టాచ్యూస్ దట్ వాక్డ్ పుస్తకంలో దాన్ని ఎదుర్కొన్నారు. మొదటిది చదివితే రెండోదీ చదవాలి. ఒక్కటే చదివి గైడుతో వాదనకు దిగకండి.

4. ఫిజీకి ఇదంతా ఎలా పనిచేస్తుంది

మనవాళ్లు ఫిజీ అనగానే గిర్మిట్, అంటే ఒప్పంద కూలి వలస మీద పుస్తకం వెతుకుతారు. సహజమే. 1879లో లియోనిడాస్ ఓడతో మొదలై సుమారు 60 వేల మందిని చెరకు తోటల కూలికి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు కదిలాయి. అలా వెళ్లిన సుమారు 15 వేల మందిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లున్నారు. 1926లో నాంది అనే ఊళ్లో దక్షిణాదివాళ్ల సంగం పుట్టింది, 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఈ కథ వదలమని నేనెందుకంటాను? కాకపోతే మూడు గళ్లూ దీనితోనే నింపితే మీరు ఫిజీలో సగం గురించే చదివినట్టు. ఆ నేల ఎవరిదో వాళ్లు పుస్తకంలో కనబడరు.

అందుకని మొదటి గడిలో ఎపెలి హవోఫా. తల్లిదండ్రులు టోంగా మిషనరీలు, ఆయన పుట్టింది పాపువా న్యూగినీలో, స్థిరపడింది ఫిజీలో. టేల్స్ ఆఫ్ ద టికాంగ్స్ (1983) చిన్న కథల పుస్తకం. టికో అనే ఊహా దీవికి విదేశీ సాయం, నిపుణులు, ప్రాజెక్టులు వచ్చిపడితే ఏమవుతుందో చెబుతుంది. మన ప్రభుత్వ ఆఫీసుల్లో ఒక్కసారైనా క్యూలో నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వుతారు. ఇతౌకెయ్ అంటే మూలవాసుల జీవన పద్ధతి తెలియాలంటే అసెసెలా రవువు రాసిన వాకా ఇ తౌకెయ్ (1983). కాస్త పాఠంలా నడుస్తుంది. పల్లెలో బస చేసేవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

రెండో గడిలో బ్రిజ్ లాల్. 1952లో లంబాసా దగ్గర పుట్టిన గిర్మిటియా మనవడు, పేరున్న చరిత్రకారుడు. ఛలో జహాజీ పుస్తకాన్ని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ప్రెస్ తన వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తోంది. మొత్తం చదవనక్కర్లేదు. ఆయన సొంత ఊరి గురించి, కూలిలైన్లలో (కూలీల నివాస వరసల్లో) ఉన్న ఆడవాళ్ల గురించి రాసిన వ్యాసాలతో మొదలుపెట్టండి. అంకెలు, పట్టికలు తర్వాత. దక్షిణాది నుంచి వలసల లెక్కలు కావాలనుకునేవాళ్లు కె.ఎల్. గిలియన్ 1962 నాటి ఫిజీస్ ఇండియన్ మైగ్రెంట్స్ చూడొచ్చు.

మూడో గడిలో తోతారామ్ సనాధ్య. ఫిజీలో 21 ఏళ్లుండి 1914లో తిరిగొచ్చాడు. ఫిజీ ద్వీప్ మే మేరే ఇక్కీస్ వర్ష్ అదే ఏడాది హిందీలో వచ్చింది, ఇంగ్లిషు అనువాదమూ ఉంది. ఇక్కడ వడపోత మరిచిపోకండి. చెప్పింది సనాధ్య, కలం పట్టింది బనారసీదాస్ చతుర్వేది. కూలి వలసను ఆపించడానికి జరుగుతున్న ఉద్యమంలో భాగంగా వచ్చిన పుస్తకం, గుండె మండించాలనే రాశారు. 1916లో కూలీలను పంపడం ఆగింది, 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి. పైగా సనాధ్య ఉత్తరాది మనిషి. మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్ల అనుభవమూ అచ్చంగా ఇదే అనుకోవద్దు.

ఫిజీ పుస్తకాలకు తేదీ పరీక్ష వేరుగా ఉంటుంది. "ఫిజియన్" అన్న మాటను మూలవాసులకే వాడితే ఆ పుస్తకం చాలావరకు 2010కి ముందుది. ఇప్పుడు చట్టప్రకారం పౌరులంతా ఫిజియన్లే, మూలవాసులు ఇతౌకెయ్. భారతీయులు జనాభాలో సగం అని రాసి ఉంటే 1987 సైనిక తిరుగుబాట్లకు ముందు నాటి లెక్క. ఆ తర్వాత వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోయారు. 2007 జనాభా లెక్కల్లో వాళ్ల వాటా 37 శాతం చిల్లర.

ఒక చిన్న హెచ్చరిక, పేర్లు చదివేటప్పుడు. పుస్తకంలో ఇంగ్లిషు అక్షరాల్లో నడి అని కనిపించేది నాంది, సిగటోకా అనేది సింగతోక, బెకా అనేది బెంగ. మొదటినుంచే అలా చదువుకుంటే బస్సు స్టాండులో తికమక ఉండదు.

5. మిగతా దీవులకు త్వరగా

తాహితి: సెలెస్టిన్ హితియురా వైతే బ్రెడ్‌ఫ్రూట్ (2000). మాతెరెనా అనే ఇల్లాలి కబుర్లు, హాయిగా సాగుతుంది. గంభీరమైనది కావాలంటే అణుపరీక్షల నీడలో సాగే షాంతాల్ స్పిట్జ్ నవల. ఫ్రాన్స్ 1966 నుంచి 1996 దాకా అక్కడి మొరురోవా, ఫంగతౌఫా దీవుల్లో ఆ పరీక్షలు చేసింది. ఆ సంగతి తెలియకుండా తాహితి వెళ్లడం నాకు సరిగా అనిపించదు.

మార్షల్ దీవులు: కేథీ జెట్నిల్-కిజినర్ కవితలు (2017). అమెరికా అక్కడ 1946 నుంచి 1958 దాకా 67 అణుపరీక్షలు జరిపింది.

హవాయి: 1893లో గద్దె దించబడ్డ రాణి లిలియువోకలాని తన కథ తానే రాసి 1898లో అచ్చువేయించింది. ఇంటర్నెట్‌లో ఉచితం.

న్యూజిలాండ్: పట్రీషియా గ్రేస్ పోటికి (1986). సముద్రం పక్కన భూమి కోసం బిల్డర్లతో పోరాటం. మనకు విడమరచి చెప్పక్కర్లేని కథ.

పాపువా న్యూగినీ: విన్సెంట్ ఎరి ద క్రోకడైల్ (1970), ఆ దేశస్థుడు రాసిన తొలి నవల. పాతదే అయినా వలసపాలన కింద పల్లె ఎలా నలిగిందో దీనిలో కనిపిస్తుంది.

6. ఎక్కడ దొరుకుతాయి

1920ల ముందువైతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో చూడండి, స్టీవెన్సన్ అక్కడ ఉన్నాడు. పరిశోధన పుస్తకాలకు ఇందాక చెప్పిన ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ప్రెస్. నవలలకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అరువు దొరకొచ్చు. ఆక్లాండ్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో ఉండేవాళ్లకు ఇబ్బందే లేదు, సిటీ లైబ్రరీ కార్డు చాలు. ఇండియా నుంచి కొనేవాళ్లు విదేశీ విక్రేత దగ్గర ఆర్డరిస్తే రావడానికి వారాలు పడుతుంది, ముందు ఈ-బుక్ ఉందేమో చూడండి. పేరు వెతికేటప్పుడు రచయిత ఇంటిపేరును రెండు మూడు స్పెల్లింగులతో ప్రయత్నించండి. పాలినీషియన్ పేర్ల మధ్యలో వచ్చే చిన్న కామాలాంటి గుర్తును కొన్ని వెబ్‌సైట్లు మింగేస్తాయి.

మామూలుగా దొర్లే పొరపాట్లు

గైడుబుక్కునే చరిత్రగా చదవడం. రెండు పేజీల చరిత్రలో గొడవలుండవు, గొడవల్లేని చరిత్ర ఎక్కడా ఉండదు.

పాత గైడుబుక్కు వాడటం. సమోవా 2009లో రోడ్డుకు కుడివైపు నుంచి ఎడమవైపుకు మారింది, 2011 డిసెంబరులో ఒక రోజును వదిలేసి తేదీరేఖకు ఇవతలికి వచ్చింది. కారు అద్దెకు తీసుకునేవాళ్లకు, విమానం మారేవాళ్లకు ఇవి చిన్న సంగతులు కావు.

కష్టమైన పుస్తకం పట్టుకుని వదలకపోవడం. ముప్పై పేజీల్లో ఒక్క మనిషీ గుర్తుండకపోతే మూసేయండి, అదే గడిలోకి వేరేది తెచ్చుకోండి. గడి మాత్రం ఖాళీగా వదలొద్దు.

ఫిజీలో తెలుగు వినిపిస్తుందని పుస్తకం చూసి ఆశపడటం. దక్షిణాది కుటుంబాలు కూడా ఇళ్లలో ఎక్కువగా ఫిజీ హిందీయే మాట్లాడతాయి. అవధి, భోజ్‌పురిల నుంచి పుట్టిన ఆ భాష మన సినిమా హిందీలా ఉండదు.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూసుకోండి

బయల్దేరే ముందు నోటుబుక్కు మూసి ఈ మూడింటికి జవాబు చెప్పుకోండి. ఫిజీ అయితే: చెరకు రైతు తరాలుగా దున్నుతున్న పొలాన్ని ఎందుకు కొనుక్కోలేడు? (జవాబు మీ చరిత్ర పుస్తకంలో లీజు అన్న మాట దగ్గర ఉంటుంది. దేశంలో 80 శాతానికి పైగా భూమి ఇతౌకెయ్ వంశాలది, అమ్మడానికి వీల్లేదు.) 1987, 2000, 2006ల్లో ప్రభుత్వాలను ఎవరు కూల్చారు? పల్లెకు వెళ్లినప్పుడు పెద్దాయన ముందు కావా (పానీయం చేసుకునే మొక్క) వేరు పెట్టి అనుమతి అడగడాన్ని ఏమంటారు, అప్పుడు టోపీ తీయాలా వద్దా? మొదటి రెండింటికి తడుముకుంటే రెండో గడి మార్చండి. మూడోదానికి తడుముకుంటే మొదటి గడి చాలలేదన్నమాట.

ఇంకో పరీక్ష: మీ మూడు పుస్తకాల్లో కనీసం రెండు ఒకదాన్నొకటి కాదనాలి. అన్నీ ఒకే మాట చెబుతుంటే మూడూ ఒకే గుంపువాళ్లు రాసినవై ఉంటాయి.

టైము లేనివాళ్లకు

రెండు వారాలే ఉంటే హవోఫా 1993లో రాసిన అవర్ సీ ఆఫ్ ఐలండ్స్ అన్న వ్యాసం చదవండి. ఒక పూటలో అయిపోతుంది. పసిఫిక్ దేశాలను చిన్న దీవులుగా, దిక్కులేనివాటిగా చూసే అలవాటును ఆయన అందులో తలకిందులు చేస్తాడు. దానికి ఆ దీవి రచయిత కథ ఒకటి, తాజా గైడులో మర్యాదల పేజీలు కలపండి.

మూడో గడిని ఖాళీగా ఉంచి అక్కడే నింపుకోవడం ఇంకో దారి. ఫిజీ రాజధాని సువాలో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ లౌథాలా క్యాంపస్ పుస్తకాల షాపులో బయట దొరకని స్థానిక ప్రచురణలుంటాయి. నాంది నుంచి సువా రోడ్డు మీద సుమారు 190 కిలోమీటర్లు, రిసార్టులో దిగినవాళ్లలో చాలామంది అటు వెళ్లనే వెళ్లరు. వెళ్లేటట్టయితే ఆదివారం పెట్టుకోకండి, ఆ రోజు ఊరు దాదాపు మూసే ఉంటుంది.